లేటన్ "స్టడీ" పేరుతో వస్తున్న ముఖచిత్రాలు: డబ్బు కట్టేముందు వెనకవైపు ఫొటో అడగండి

పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రెడరిక్ లేటన్ ఏదో పెద్ద చిత్రం కోసం ముందుగా వేసుకున్న నూనెరంగుల స్టడీ అని చెప్పి, ఒక స్త్రీ తల బొమ్మను ఆన్‌లైన్ వేలంలో అమ్మారు. మోడల్ ఆయన చిత్రాల్లో తరచూ కనిపించే డొరొతీ డీన్ అట. (జుట్టు కాస్త ఎర్రగా ఉంటే చాలు, అమ్మేవాళ్లకు ప్రతి ముఖమూ ఆవిడదే.) కాన్వాసు వెనక రంగుల దుకాణం చీటీ అసలైనదే. కానీ చిరునామా చివర "డబ్ల్యూ.1" అని ఉంది. లండన్ పోస్టల్ జిల్లాలకు ఇలా అంకెలు చేర్చింది 1917లో. లేటన్ పోయింది 1896 జనవరిలో!

వెనక్కి తీసుకోమంటే, అమ్మినవాళ్లు కేటలాగులో "అట్రిబ్యూటెడ్ టు" అనే రాశాం కదా అన్నారు. ఆ మాటకు అర్థం "ఆయనది కావచ్చు" అని మాత్రమే. "ఆఫ్టర్" అంటే నకలు, ఏ కాలందైనా సరే. "బేర్స్ సిగ్నేచర్" అంటే సంతకం ఉంది గానీ అది వేరేవాళ్లు పెట్టిందనే మా అభిప్రాయం అని.

బొమ్మలోనూ ఆనవాళ్లున్నాయి. నిజమైన స్టడీ తుది చిత్రానికి అచ్చు గుద్దినట్టు ఉండదు. తల వంపు మారుతుంది, చెవి జరిపిన జాడ కనిపిస్తుంది, మెడ దగ్గరికొచ్చేసరికి రంగు పలచబడి అడుగుపూత బయటపడుతుంది. పెద్ద చిత్రంలోంచి కత్తిరించినట్టు కొంగు అంచు దాకా పూర్తిగా ఉందంటే అది నకలే అనుకోండి.

స్టడీల మీద చాలాసార్లు సంతకమే ఉండదు. ఉంటే 10 రెట్ల భూతద్దంలో చూడండి. సంతకం రంగు పాత పగుళ్లలోకి దిగి ఉంటే తర్వాత పెట్టిందే. ముందు ఎండి, తర్వాత పగిలిన సంతకమైతే పగులుతోపాటే విరుగుతుంది. 365 నానోమీటర్ల యూవీ టార్చి కింద పాత రెజిన్ వార్నిషు ఆకుపచ్చగా మెరుస్తుంది, దానిమీద చేసిన మరమ్మతులు నల్లమచ్చల్లా తేలతాయి. దూదితో అసిటోన్ పెట్టి రుద్ది చూసే పని మాత్రం పెట్టుకోకండి.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్షలో (రంగులో ఏ మూలకాలున్నాయో ఎక్స్‌రేలతో చూసేది) టైటానియం తెలుపు కనబడితే లేటన్ చేతిది కాదు, ఆయన కాలంలో ఆ రంగు లేదు. అయితే మరమ్మతు చేసిన చోట కొలిస్తే అసలు బొమ్మక్కూడా టైటానియం చూపిస్తుంది, కాబట్టి యూవీలో శుభ్రంగా ఉన్న నాలుగైదు చోట్ల చూడమనండి.

కాన్వాసును బిగించిన వెనక చెక్క చట్రం పాతదైనంత మాత్రాన కాన్వాసు పాతది కాదు. చెక్కలోని మేకు రంధ్రాలు కాన్వాసు అంచులోని రంధ్రాలతో కలవకపోతే చెక్కో కాన్వాసో మార్చారన్నమాట. అంచులు మడిచిన చోట నాలుగు పక్కలా ఫొటోలు తెప్పించుకున్నాకే పాట పాడండి.