పిల్లలకి ముందు గాత్రమా, కీబోర్డా?

"మా పాపకి సంగీతం నేర్పిద్దామనుకుంటున్నాం, పాట క్లాసులో చేర్చాలా, కీబోర్డ్ కొనాలా?" అని అడిగేవాళ్లకి నా జవాబు ముందే చెప్పేస్తాను. ఏడెనిమిదేళ్ల పిల్లలైతే మొదటి ఒకటి రెండేళ్లు గాత్రం, కీబోర్డ్ ఆ తర్వాత. పదమూడు పద్నాలుగేళ్ల అబ్బాయైతే, లేదా సినిమా పాటలకి ట్యూన్లు కట్టాలని సరదా పడే పిల్లలైతే నేరుగా కీబోర్డ్. ఊరికే ఇష్టాయిష్టాల మీద చెప్పడం లేదు, దీని వెనక ఒక లెక్క ఉంది.

ఏ పాటనైనా విప్పి చూస్తే లోపల ఉండేవి కొన్నే. పాటంతా నిలబడే ఆధార శ్రుతి ఒకటి. దాని మీద పైకీ కిందికీ నడిచే స్వరాలు. ఆ నడకని కొలిచే లయ, దాన్ని ఆవృత్తిగా కట్టిపడేసే తాళం. ఏ స్వరాలు ఏ వరసలో ఎలా పలకాలో చెప్పే రాగం, స్వరాన్ని ఊపి పలికించే గమకం. పాశ్చాత్య సంగీతంలోనూ, మన సినిమా పాటలోనూ అయితే ఒకేసారి రెండు మూడు స్వరాలు కలిసి మోగే హార్మనీ కూడా. వీటికి తోడు గొంతు గొంతుకీ, వాయిద్యం వాయిద్యానికీ మారే నాదం, ఎక్కడ గట్టిగా ఎక్కడ మెత్తగా అనే తేడా. క్లాసు ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: వీటిలో ఏ పని పిల్లలు చేస్తున్నారు, ఏ పని వాయిద్యమే చేసిపెడుతోంది? వాయిద్యం చేసిపెట్టిన పని పిల్లలకి రాదు.

శ్రుతి నుంచే మొదలుపెడదాం, అసలు తేడా అంతా ఇక్కడే ఉంది కాబట్టి. కీబోర్డ్ మీద మూడేళ్ల పిల్లాడు వేలు పెట్టినా 'స' సరిగ్గానే పలుకుతుంది, ఫ్యాక్టరీలోనే శ్రుతి చేసి పంపారు కదా. పాట క్లాసులో అలా కాదు. తంబూరా, ఈ రోజుల్లో అయితే శ్రుతిబాక్సో ఫోన్లో యాపో, 'ప - స - స - స' అని మోగుతూ ఉంటుంది, పిల్ల దానికి తన 'స' కలపాలి. మొదటి వారాల్లో కలవదు. కొంచెం కింద పలికినప్పుడు రెండు ధ్వనుల మధ్యా ఒకరకమైన వణుకు వినిపిస్తుంది, శ్రద్ధగా వింటే 'ఊఁ-ఊఁ-ఊఁ' అని అలలు అలలుగా. గొంతు దగ్గరికి వచ్చేకొద్దీ ఆ అలలు నెమ్మదిస్తాయి, సరిగ్గా కలిసిన చోట ఆగిపోతాయి, తన గొంతు తనకే సరిగా వినపడనంతగా తంబూరాలో కలిసిపోతుంది. ఆ కలయికని పిల్లలు ఒక్కసారి పట్టుకున్నాక ఇక అపశ్రుతి వింటే మొహం చిట్లిస్తారు, పెళ్లిలో ఆర్కెస్ట్రా వాళ్లని కూడా వదలరు. ఈ చెవి కీబోర్డ్ వల్ల రాదని అనను గానీ, కీబోర్డ్ దాన్ని ఎప్పుడూ అడగదు. నాలుగైదేళ్లు కీబోర్డ్ వాయించి పరీక్షలు కూడా పాసైన పిల్లల్ని ఒక్క స్వరం గొంతుతో కలపమంటే తడబడటం చాలాసార్లు చూశాను.

ఇంకో సూక్ష్మం. కీబోర్డ్ శ్రుతి కూడా నూటికి నూరు పాళ్లు సహజమైనది కాదు. స్థాయిని, అంటే ఒక 'స' నుంచి పై 'స' దాకా ఉన్న దూరాన్ని, పన్నెండు సమాన భాగాలుగా కోసేశారు, ఏ మెట్టు (కీ) మీద మొదలుపెట్టినా పాట ఒకేలా రావాలని. తంబూరా 'స'కి సహజంగా కలిసే 'ప' కంపనాల లెక్కలో దానికి ఒకటిన్నర రెట్లు, కీబోర్డ్‌లో అది 1.498, తేడా దాదాపు తెలియదు. కానీ అంతర గాంధారం ('గ'లో ఒక రకం) సహజంగా 1.25 రెట్లు, కీబోర్డ్‌లో 1.26. ఇది తెలుస్తుంది. మంచి తంబూరా అయితే మంద్ర (కింది స్థాయి) 'స' తీగె మీటినప్పుడు అందులోంచే గాంధారం తనంతట తాను పలుకుతుంది, దాని పక్కన కీబోర్డ్ 'గ' నొక్కి చూడండి, రవ్వంత పైకి ఉంటుంది. మొదట నేర్చుకునే వాళ్లకి ఇదంతా అవసరమా అంటే అవసరం లేదు. అయినా ఏ చెవి ముందు తయారైతే బాగుంటుందో ఆలోచించుకోవచ్చు.

స్వరస్థానాల దగ్గరికి వస్తే మాత్రం కీబోర్డే గెలుస్తుంది, సందేహం లేదు. మన వాళ్లు మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలనే తొలి పాఠాలు మొదలుపెడతారు, అది పురందరదాసు వేసిన బాట అని చెప్తారు. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం అని పేర్లు వల్లెవేయించినంత కాలం పిల్లలకి ఆ మాటలు పరీక్ష కోసం బట్టీపట్టేవే. అదే కీబోర్డ్ ముందు కూర్చోబెట్టి, సి (C) మెట్టు మీద 'స' పెట్టుకుని, దాన్ని ఆనుకునే ఉన్న నల్ల మెట్టు 'రి', ఆ తర్వాత రెండు మెట్లు వదిలి తెల్ల మెట్టు 'గ', వెంటనే పక్కది 'మ' అని చూపిస్తే ఒక్క నిమిషంలో విషయం కళ్లకి కడుతుంది: రి-గ మధ్య అంత దూరం ఎందుకు, గ-మ ఎందుకంత దగ్గర, పైన ప-ద-ని-స కూడా సరిగ్గా అదే కొలతలో ఎందుకుంది. 72 మేళకర్తలూ (మూల రాగాలు) ఈ పన్నెండు మెట్ల మీద వేసిన లెక్కే. అందుకే గాత్రం నేర్చుకునే ఇంట్లో కూడా ఒక చిన్న కీబోర్డో పాత హార్మోనియమో ఉంటే మంచిదంటాను. వాయించడానికి కాదు, చూసుకోవడానికి.

లయలో నాకు గాత్రం పద్ధతే నచ్చుతుంది. ఆది తాళం వేయిస్తారు చూడండి: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాలు, చెయ్యి ఎక్కడుందో చూస్తే పాట ఎక్కడుందో తెలిసిపోతుంది. స-రి-గ-మ-ప-ద-ని-స అనే ఆరోహణ మొదటి కాలంలో (వేగంలో) ఒక ఆవర్తానికి, అంటే తాళం ఒక చుట్టుకి, సరిపోతుంది, రెండో కాలంలో ఆ ఆవర్తంలోనే రెండు రెట్లు, మూడో కాలంలో నాలుగు రెట్లు స్వరాలు పట్టాలి, చెయ్యి వేగం మాత్రం మారకూడదు. నోరు పరిగెత్తుతుంటే చెయ్యి కూడా పరిగెత్తేస్తుంది, దాన్ని ఆపడమే సాధన. కీబోర్డ్‌లో మెట్రోనోమ్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ టిక్కు టిక్కుమని బయట కొట్టేది అది. పైగా చాలా క్లాసుల్లో మెట్రోనోమ్ దాకా కూడా పోరు, స్టైల్ బటన్ నొక్కి ఎడమచేత్తో ఒక్క వేలు పెడితే డ్రమ్సూ బేసూ అన్నీ వాటంతటవే మోగుతాయి, ఇంట్లో వాళ్లు వీడియో తీసుకుని మురిసిపోతారు. బ్యాండ్ అంతా మెషీన్ వాయించింది, పిల్లాడు ఎక్కింది తనంతట తానే ఊగే బొమ్మ గుర్రం.

గమకం సంగతి తెలిసిందే. తోడి రాగంలో గాంధారాన్ని మెట్టు మీద నొక్కితే అది తోడి కాదు, ఊపి పలికితేనే తోడి. కీబోర్డ్‌లో స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం ఉంటుంది, దాంతో అద్భుతంగా వాయించేవాళ్లూ ఉన్నారు, కానీ అది మొదటేడాది పిల్లలకి కుదిరే పని కాదు. హార్మోనియానికి పాతకాలంలో వచ్చిన చిక్కు కూడా ఇదే, 1940లో ఆలిండియా రేడియో దాన్ని పక్కన పెడితే మూడు దశాబ్దాల పాటు స్టూడియో గడప తొక్కలేదు. మరి అదే హార్మోనియం లేకుండా మన పద్యనాటకాన్ని ఊహించగలమా? మెట్లు ఉండటం తప్పు కాదని వీణే చెప్తుంది, బొబ్బిలి వీణకీ మెట్లున్నాయి, కానీ మెట్టు మీద తీగెని లాగొచ్చు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ మెట్లున్న వాయిద్యం మీదే కర్ణాటక సంగీతం వాయించి చూపించారు.

ఇక హార్మనీ. ఇక్కడ కర్ణాటక గాత్రం చేతులెత్తేస్తుంది, ఆ సంగీతంలో అది లేదు కాబట్టి. సి, ఈ, జి మూడూ కలిపి నొక్కండి, మేజర్. మధ్యలో వేలు ఒక్కటి ఒక మెట్టు కిందికి జరపండి, మైనర్, పాట భావమే మారిపోతుంది. ఇది గొంతుతో ఒక్కరే చేయలేరు. సినిమా పాటలో పల్లవి వెనక ఏం జరుగుతోందో అర్థం కావాలన్నా, రేపు కంప్యూటర్ మీద ట్రాక్ చేసుకోవాలన్నా కీబోర్డ్ తప్పదు. కాబట్టి "గాత్రం చాలు, కీబోర్డ్ ఎందుకు" అనే మాటని కూడా నేను ఒప్పుకోను.

మృదంగం, తబలా గురించి కూడా అడుగుతారు. చేతులు ఊరుకోకుండా బల్లలు వాయించే పిల్లలుంటే అక్కడే వేయండి, లయ విషయంలో వాళ్లకి తిరుగుండదు, స్వరజ్ఞానం విడిగా చూసుకోవాలి. వయొలిన్ అయితే చెవికీ చేతికీ రెండింటికీ పరీక్షే, మెట్లే ఉండవు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ పరాయి వాయిద్యాన్ని మనదే అన్నట్టు పలికించారు. కానీ మొదటి ఆరు నెలల కీచుకీచులకి ఇంటిల్లిపాదీ ఓపిక పట్టాలి.

పన్నెండు పద్నాలుగేళ్ల మధ్య అబ్బాయిల గొంతు మారుతుంది. అప్పటిదాకా ఐదు శ్రుతిలో (జి మీద 'స' పెట్టుకుని) పాడినవాడు ఒక్కసారిగా అందుకోలేక సిగ్గుపడి మానేస్తాడు. మంచి మాస్టారు శ్రుతి దించి మెల్లగా పాడిస్తారు, అందరికీ అంత ఓపిక ఉండదు. ఆ వయసులో కొత్తగా మొదలుపెట్టేవాడికి కీబోర్డే నయం, గొంతుతో పనిలేదు. పరీక్షలు, గ్రేడ్లు, సర్టిఫికెట్లు రెండింటిలోనూ ఉన్నాయి, వాటి కోసం ఎంచుకోకండి. కొనేటప్పుడు మాత్రం కీ మీద మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే రకం తీసుకోండి. అన్నీ ఒకే గట్టిగా మోగే చవక రకం వద్దు, పాటలో ఎత్తుపల్లాలనేవి ఉంటాయని పిల్లలకి తెలియకుండానే పోతుంది.

రెండూ మొదలుపెట్టేసిన ఇళ్లకి ఒక ఉపాయం. పిల్ల పాడే శ్రుతి ఐదైతే, అంటే జి అయితే, కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ మైనస్ ఐదు పెట్టండి, సి మీద వేలు పెడితే జి పలుకుతుంది. నేర్చుకున్న వేళ్లతోనే తన గొంతుకి తానే వాయించుకుంటుంది. ఆదిలోనే స్వరం నొక్కి పాడటం కాకుండా, ముందు పాడి, తర్వాత నొక్కి సరిచూసుకోమనండి. డెమో క్లాసుకి వెళ్లినప్పుడు కూడా ఇదే చూడండి: కీబోర్డ్ మాస్టారు పిల్లల చేత నోటితో స్వరం అనిపిస్తున్నారా, పాట మేడం శ్రుతి పెట్టాకే పాడిస్తున్నారా, చేత్తో తాళం వేయిస్తున్నారా. ఇవి చేసే టీచర్ మీ వీధిలో కీబోర్డ్ చెప్తుంటే, నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టి అక్కడే చేర్చండి.