షగాల్ 'సంతకం' ఉన్న బైబిల్ ప్రింట్ కొంటున్నారా? ముందు దాని వెనక చూడండి

చిత్రకారుడు మార్క్ షగాల్ బైబిల్ ప్రింట్లు ఆన్‌లైన్‌లో కొందామనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నాకు 1,800 డాలర్లు బొక్క పడింది.

మా అమ్మకు రూతు కథంటే ప్రాణం. అత్తను వదలకుండా పరాయి ఊరొచ్చి, పొలంలో పరిగె ఏరి బతికించిన కోడలు. ఇప్పటి బెలారస్‌లోని విటెబ్‌స్క్‌లో యూదుల ఇంట పుట్టిన షగాల్ గీసిన ఆ రూతు అమ్మకానికి కనబడితే ఆగలేకపోయాను. కింద పెన్సిల్ సంతకం, పక్కన 112/250 అని (అంటే 250 కాపీల్లో 112వదని) నంబరు, బంగారు రంగు స్టిక్కర్ అంటించిన సర్టిఫికెట్. వెనక వైపు ఫోటో అడిగితే, అమ్మేవాడు "సీల్ చేశాం, విప్పితే విలువ పోతుంది" అన్నాడు. నమ్మాను!

నెల తర్వాత ఇక్కడ న్యూజెర్సీలో ఫ్రేమ్ మార్పిద్దామని షాపుకి తీసుకెళ్లాను. షాపాయన వెనక అట్ట ఊడదీసి, కాగితం తిప్పి, ఏమీ అనకుండా నా ముందు పెట్టాడు. వెనక ఇంకో బొమ్మ ఉంది. నలుపులో, అదీ షగాల్‌దే. ఒక అంచు పుస్తకంలోంచి లాగినట్టు గరుకుగా ఉంది.

సంగతేంటంటే, పారిస్‌లో తెరియాద్ అనే ప్రచురణకర్త నడిపిన 'వెర్వ్' అనే కళల పత్రిక 1960లో షగాల్ బైబిల్ బొమ్మలతో ఒక సంచిక వేసింది. అందులో 24 రంగుల లిథోగ్రాఫులు (రాయి లేదా లోహపు పలక మీద బొమ్మ గీసి అచ్చు వేసినవి), వాటి వెనక నలుపు బొమ్మలు. వేల కాపీలు వేశారు. వాటిని విప్పి పేజీల లెక్కన అమ్ముతుంటారు. అందులో మోసమేమీ లేదు, అవి అసలు లిథోగ్రాఫులే. కానీ ఆ పేజీలకు సంతకం ఉండదు, నంబరూ ఉండదు. నా దాని మీదవి తర్వాత ఎవరో పెన్సిల్‌తో గీకినవి. నేను డబ్బు కట్టిందేమో ఆ సంతకానికి.

సైజు దాదాపు 35 బై 26 సెంటీమీటర్లుంటే పత్రిక పేజీ అయ్యుండొచ్చని అనుమానించండి. ఫ్రేమ్ లేకుండా రెండు వైపులా ఫోటోలు పంపనంటే వదిలేయండి. మూర్లో కేటలాగ్ (షగాల్ లిథోగ్రాఫుల జాబితా పుస్తకం) నంబరు అడగండి, ఆ ప్రింటు ఎన్ని వేశారో అందులో దొరుకుతుంది. భూతద్దంలో న్యూస్‌పేపర్ ఫోటోలోలా వరసగా చుక్కలు కనబడితే అది లిథోగ్రాఫ్ కూడా కాదు, ఉత్త పోస్టర్. డబ్బు కార్డుతోనే కట్టండి. నేను బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసి ఇరుక్కున్నాను. వాపసు గడువు 14 రోజులేనట.

ఫ్రేమ్ షాపాయన ఆ సంతకం రబ్బరుతో చెరిపేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. కంప్లైంటు ఇంకా నడుస్తోంది, ఉన్న సాక్ష్యం అదొక్కటే.