క్యాడ్ ఫైల్ ఇవ్వడానికి వెనకాడని ఆర్కిటెక్ట్ ఆఫీసు

కాంట్రాక్టర్‌గా ఈ ఆర్కిటెక్ట్ ఆఫీసుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పీడీఎఫ్‌తో సరిపెట్టకుండా డీడబ్ల్యూజీ ఫైల్ (కంప్యూటర్‌లో గీసిన అసలు క్యాడ్ డ్రాయింగ్) కూడా పంపారు. వంపు తిరిగిన గోడకు కాగితం మీది కొలతలతో మార్కింగ్ ఇవ్వాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అదే ఫైల్ ఉంటే పాయింట్ల కోఆర్డినేట్లు తీసి టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంలోకి ఎక్కించుకోవచ్చు.

ముందుగా ఒక పేజీ ఒప్పందం మీద సంతకం చేయించుకున్నారు: తేడా వస్తే సంతకమున్న పీడీఎఫ్‌దే చెల్లుబాటు, ఫైల్ ఇంకొకరికి ఇవ్వకూడదు. డ్రాయింగ్ వాళ్లది, అడగడంలో తప్పేముంది? ఆఫీసు పేరు, వివరాలుండే టైటిల్ బ్లాక్‌నీ, సీల్‌నీ తీసేసి పంపడమూ మంచిదే. లేకపోతే ఎవడో ఒక గీత జరిపి వాళ్ల పేరు మీదే ప్రింటు తీస్తాడు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఒక గది కొలత 3600 అని రాసుంది, ఫైల్‌లో కొలిచి చూస్తే 3565 మిల్లీమీటర్లు. గీత మార్చకుండా అంకె మాత్రం చేత్తో టైప్ చేశారన్నమాట. పీడీఎఫ్ చూస్తే ఇది కంటికి ఆనదు. ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా సరిచేసి పంపారు, విసుక్కోలేదు. ఫైళ్లు దాచుకునే ఆఫీసుల భయం బహుశా ఇలాంటి తప్పులు బయటపడతాయనేనేమో! ఫైల్ పేరులో రివిజన్ నంబరు కూడా పెడితే ఐదో స్టార్ ఇచ్చేస్తాను.