ఎండకని కొన్న షేడ్ నెట్: నాలుగు శీతకాలాల తరువాత

తిరుపతిలో మిద్దెమీద నాలుగు మొక్కలు పెంచేవారందరికీ, మొక్కలకు నీడగా పైన కట్టే అల్లిక వల, అదే షేడ్ నెట్, తెలిసిన వస్తువే కాబట్టి, అది ఎన్ని రంగుల్లో వస్తుందో, మీటరు ఎంతో చెప్పి విసిగించను. మేము 2022 మార్చిలో యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ నెట్‌ను మూడు మీటర్ల వెడల్పున, ఆరు మీటర్ల పొడవున కోయించి తెచ్చుకున్నాము. కొన్నది కేవలం వేసవి కోసం. వేసవిలో అది చేయవలసిన పని అది చేసింది, ఆ సంగతి అంతటితో వదిలేస్తాను. నన్ను ఈ సమీక్ష రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం అక్టోబరు, నవంబరు నెలల్లో అది చేసిపెడుతున్న పని. ఆ పనికి నెట్ పనికివస్తుందని అమ్మిన అంగడివారు గాని, కొనమన్న మిత్రులు గాని మాతో ఒక్క మాట అనలేదు.

శీతకాలపు కూరగాయల గురించి మనం వినే సలహాల్లో చాలా భాగం హైదరాబాదు మిద్దెతోటల వారివి. అక్కడ నైరుతి వానలు సెప్టెంబరు చివరికో అక్టోబరు తొలి వారాలకో సర్దుకుంటాయి కనుక, వానలు వెనుకబట్టాక విత్తనాలు వేయమనే మాట వారికి సరిపోతుంది. మనకు అసలైన వానలు మొదలయ్యేదే అప్పుడు. చిత్త, స్వాతి కార్తెల్లో ఈశాన్య రుతుపవనాలు పట్టుకున్నాయంటే డిసెంబరు దాకా తెరిపి ఎప్పుడిస్తుందో చెప్పలేము. పోనీ వానలన్నీ అయ్యాకే వేద్దామనుకుంటే, డిసెంబరు చివర వేసిన క్యారెట్ గడ్డ ఊరే వేళకు మార్చి ఎండలు నెత్తిమీదకు వస్తాయి. అందుకే మా ఇంట్లో బ్రహ్మోత్సవాలకు వచ్చిన చుట్టాలు ఊళ్ళకు బయలుదేరిన వారంలోనే విత్తనం పడిపోతుంది. పడిన విత్తనం వానను తట్టుకోవాలి. 2021 నవంబరులో ఊరిని ముంచెత్తిన వానల్లో మా మెంతులు, పాలకూర విత్తనాలు మొక్కలు పెంచే సంచుల్లోని పైమట్టితో సహా కొట్టుకుపోయాయి. పది రోజుల తరువాత చూస్తే సంచులు బోడిగా ఉన్నాయి, మిద్దె మూలనున్న తూము చుట్టూ మాత్రం మెంతి మొలకలు గుబురుగా లేచి ఉన్నాయి.

మరుసటి ఏడాది అక్టోబరుకు వేసవిలో కట్టిన నెట్ ఇంకా అలాగే ఉంది. అందులో మా తెలివేమీ లేదు, దాన్ని విప్పడానికి మా ఆయనకు తీరిక చిక్కలేదంతే. క్యారెట్ వేసిన సంచుల్లో సగం నెట్ కిందకు వచ్చాయి, మిగిలినవి చోటు చాలక బయట ఉండిపోయాయి. ఒక సాయంత్రం గంటన్నర సేపు ఎడతెగకుండా వాన దంచింది. తెల్లవారి కాఫీ గ్లాసుతో పైకి వెళ్ళాను. బయటి సంచుల్లో ఎర్రమట్టి తాపీతో మెత్తినట్టు నున్నగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. పిట్టగోడ మీద జానెడెత్తు వరకు ఎర్రటి చిమ్మరింపులు ఉన్నాయి. నువ్వుగింజలో సగం కూడా లేని క్యారెట్ విత్తనాలు ఒక పక్కకు కొట్టుకొచ్చి పైకి తేలి కనిపిస్తున్నాయి. నెట్ కింది సంచుల్లోనేమో ముందురోజు నేను చూపుడువేలితో గీసిన చాళ్ళు గీసినవి గీసినట్టే ఉన్నాయి, మట్టి తడిసింది కాని అణగలేదు. ఎంత లావు చినుకైనా ఆ అల్లికకు తగిలి చితికి, జల్లెడ పట్టిన పిండిలా సన్నగా రాలిందన్నమాట.

మా అత్తగారిది పలమనేరు దగ్గరి పల్లె, నారుమళ్ళ మీద కొబ్బరి మట్టలు కప్పే ఇంట పెరిగిన మనిషి. ఆమె రెండు రకాల సంచులనూ వేలితో నొక్కి చూసి, "ఎండకని తెస్తిరి, వానకు గొడుగాయ సూడు" అన్నారు. రెండు వారాలు తిరిగేసరికి బయటి సంచులన్నిటిలో కలిపి పదకొండు మొలకలు లేచాయి. పైన పేరుకున్న పెచ్చును చీల్చుకుని పైకి రాగల సత్తువ క్యారెట్ మొలకకు ఉండదు. లోపలి సంచుల్లో ఎన్ని లేచాయో నేను లెక్కపెట్టలేదు, పలచన చేయడానికే ఒక పూట పట్టింది.

ఆ ఉత్సాహంలో నేను మా వీధిలో ఇద్దరిచేత ఇదే నెట్ కొనిపించి, వానలు ముగిసేదాకా విప్పనే వద్దని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. ఆకుకూరల వరకు నా సలహా చెల్లింది. కొత్తిమీర, పాలకూర ఆ నీడలో లేతగా, వెడల్పుగా వచ్చాయి. దుంపల దగ్గర తప్పిపోయింది. మబ్బు పట్టిన రోజుల్లో ఉన్న వెలుతురే అంతంతమాత్రం, అందులో సగాన్ని నెట్ మింగితే గడ్డకు మిగిలేది ఏముంటుంది? వేడికి ఓర్చుకుంటుందని, నలభై, నలభై అయిదు రోజుల్లో చేతికి వస్తుందని పేరున్న పూసా చేత్కి ముల్లంగిని ఏరికోరి వేస్తే, ఆకు మోచేతి పొడవున పెరిగి, పీకి చూస్తే వేరు చిటికెన వేలంత ఉంది. ఆ ఆకును పెసరపప్పులో వేసి వండుకున్నాము. నా మాట విని నెట్ కొన్న ఇద్దరిలో ఒకావిడ ఇప్పటికీ ముల్లంగి బండి వీధిలోకి వస్తే నన్ను కేకేసి పిలుస్తారు. రెండో ఏడాది నుంచి విత్తిన నాటి మొదలు, మొలకతో వచ్చే తొలి జంట ఆకులు కాక మూడు నాలుగు అసలు ఆకులు వచ్చేవరకే, అంటే దాదాపు ఇరవై రోజులే నెట్ కింద ఉంచుతున్నాము. ఆ ఇరవై రోజుల్లోనూ వాన లేని పూట దాన్ని చాపలా చుట్టి పక్కకు నెట్టేస్తాము.

ఇక 2023 డిసెంబరు సంగతి. మిగ్‌జాం తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా, అంతకు ముందు రెండు రోజులు మన వైపు వాన, గాలి ఊపిరి ఆడనివ్వలేదు. హెచ్చరికలు ముందే వచ్చాయి. సంచుల్లో నాటి వారమైనా కాని కాలీఫ్లవర్ నారు మీద మమకారంతో నేనే నెట్ ఉండనిమ్మన్నాను. నాలుగు పెయింటు బకెట్లలో కాంక్రీటు పోసి నిలబెట్టిన ఇనుప పైపులకు దాన్ని నైలాన్ తాళ్ళతో బిగించి ఉన్నందున, అది కదలదని నా ధీమా. రాత్రి రెండు గంటలప్పుడు పైకప్పు మీద ఎవరో రుబ్బురోలు ఈడ్చుకుపోతున్నట్టు చప్పుడయింది. మా ఆయన టార్చి పట్టుకుని ముందు, నేను వెనుక పరుగెత్తాము. తలుపు తీయగానే నీళ్ళు గడప దాటి మెట్లమీదకు దొర్లాయి. మిద్దెమీద చీలమండ లోతు నీరు నిలిచి ఉంది. కన్నాల గుడ్డ కదా, గాలి దూరి పోతుందిలే అని నేను అనుకున్నాను కాని, తడిసిన నెట్ గాలికి తెరచాపతో సమానమని అప్పుడు తెలిసింది. రెండు పైపులు బకెట్లతో సహా పడిపోయాయి. నెట్ ఒక అంచు తాడుకు వేలాడుతూ, రెండో అంచు నీళ్ళతో పాటు వెళ్ళి సరిగ్గా తూము నోటికి అతుక్కుంది. దాని వెనుక వేపాకు, ఒరిగిన సంచుల్లోంచి వచ్చిన కొబ్బరిపొట్టు చేరి బిరడా బిగించినట్టయింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి భుజం దాకా ముంచి దాన్ని లాగాక గాని నీరు గుడగుడమంటూ దిగలేదు. ఇరవై నాలుగు కాలీఫ్లవర్ మొక్కల్లో ఆరు మిగిలాయి. దేవుడి గది పైకప్పులో ఊరిన చెమ్మ మరక రెండుసార్లు సున్నం కొట్టించినా ఇంకా కనిపిస్తూనే ఉంది, ఆ సున్నం ఖర్చుతో నాలుగు నెట్లు వచ్చేవి. తప్పు మాదే గాని నెట్‌ది కాదని ఒప్పుకుంటాను. అయినా ఆ రోజు నుంచి రెండు వైపులా జారుముళ్ళే వేస్తున్నాము. తుపాను అన్న మాట వార్తల్లో వినపడితే ఆరేసిన బట్టల కన్నా ముందు నెట్ కిందికి దిగుతుంది.

మన్నిక గురించి ఒక్క ఫిర్యాదు ఉంది. అయిదేళ్ళకు ఢోకా లేదని అమ్మినవారు చెప్పారు కాని, మూడో వేసవి దాటేసరికే మాది బూడిద రంగుకు తిరిగి, పిడికిట పట్టి నలిపితే పొడిపొడిగా రాలడం మొదలుపెట్టింది. ఆ పోగుల ముక్కలు కింద పాలకూర మీద పడతాయి. అవి ఆకుల్లో కలిసిపోయి కంటికి ఆనవు, కడిగితే పోవు. ఒకసారి పప్పులో మా అబ్బాయి పంటి కిందకు వచ్చినప్పటి నుంచి ప్రతి ఆకునూ తిప్పి చూసి తరుగుతున్నాను. కోసిన అంచులను కొన్న రోజే పట్టల అంగడిలో మడిచి కుట్టించి ఉంటే పోగులు అంత త్వరగా ఊడేవి కావేమో. కోతులను ఇది ఆపుతుందని ఆశపడేవారు మాత్రం ఆ ఆశ వదులుకోవచ్చు. కొండ దిగివచ్చే మా కోతులు దాన్ని ఊయలగా వాడుకున్నాయి.

మొత్తానికి కొనవచ్చునా అంటే, నా జవాబు నా ఇంటికి సంబంధించినది. మా ఇంట్లో పగలంతా ఎవరో ఒకరు ఉంటారు, మబ్బు పడితే పరచి, తెరిపిస్తే చుట్టగలరు. ఉదయం తాళం వేసి వెళ్ళి రాత్రికి వచ్చే దంపతులకు ఈ నెట్ వల్ల మేలు ఎంతో, ముల్లంగి నష్టమూ అంతే. నర్సరీ నుంచి నారు తెచ్చి నాటేవారికి శీతకాలంలో దీని అవసరం పెద్దగా ఉండదు. మదనపల్లెలో ఉండే మా చెల్లెలు దీన్ని కొననే లేదు. సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరి చల్లదనంలో ఆమె వానలు తగ్గాక విత్తినా క్యారెట్ ఊరుతుంది, ఇక్కడ నాకు ఆ వెసులుబాటు లేదు. క్యారెట్, మెంతి, పాలకూర వంటివి నేరుగా విత్తుకునే తిరుపతి ఇళ్ళకు మాత్రం, చివరలు విప్పడానికి వీలుగా కట్టుకుంటామన్న షరతు మీద, సరేనంటాను.

మాకు ఈ వేసవికి ముందే కొత్తది తీసుకోక తప్పదు. యాభై శాతమే తీసుకోవాలో, వెలుతురు ఎక్కువ వదిలే ముప్పయ్యయిదు శాతానికి మారాలో తేలలేదు. వేసవికి మొదటిదే మంచిది, అక్టోబరుకు రెండోది మేలనిపిస్తోంది. పాతదాన్ని వడియాల మీద కాకులు వాలకుండా కప్పడానికి ఇమ్మని మా అత్తగారు అడుగుతున్నారు. పాలకూర సంగతి గుర్తుచేసి నేను ఇంకా ఇవ్వలేదు.