కబడ్డీ కోర్టు దగ్గర ఏ ఫోకస్?

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలోనో, ఊళ్లో సంక్రాంతి కబడ్డీ దగ్గరో కొత్తగా కెమెరా పట్టినవాళ్లకి వచ్చే సందేహమే. కదిలే మనిషితోపాటు కెమెరానే ఫోకస్ మార్చుకుంటూ పోయే కంటిన్యుయస్ ఆటోఫోకస్సా, ముందే ఒకచోట కట్టేసిన ఫోకస్సా?

ఖర్చు: రెండింటికీ రూపాయి అక్కర్లేదు.

శ్రమ: కంటిన్యుయస్ మోడ్ పేరు కేనన్‌లో ఏఐ సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి. బటన్ సగం నొక్కిపట్టి ఆటగాణ్ణి వెంటాడాలి. రెండోదాంట్లో గీత మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, కాచుక్కూర్చోవాలి.

రిస్క్: కంటిన్యుయస్‌లో రిఫరీ అడ్డొస్తే ఫోకస్ ఆయన చొక్కా మీదికి పోవచ్చు. ఫోకస్ పాయింట్లన్నీ (ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టే చోట్లు) ఆన్‌లో వదిలేస్తే ఒక్కోసారి వెనకాల జనం మొహాలే తేటగా వస్తాయి. మధ్య పాయింట్ ఒక్కటే పెట్టి, కూతకెళ్లినవాడి ఛాతీ మీద ఉంచండి. కట్టేసిన ఫోకస్‌లో ఆటగాడు అడుగు ముందుకేసినా ఫొటో పోయినట్టే. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8కి చిన్నది చేస్తే ముందూవెనకా కూడా తేటగా వచ్చి కాస్త నయం, కానీ ఫ్లడ్‌లైట్ల కింద అంత వెలుతురెక్కడిది?

ఏదైనా సరే, షటర్ వేగం 1/1000 సెకను దగ్గర ఉంచండి. కదలిక వల్ల వచ్చిన మసకకి పాపం ఫోకస్‌నే తిడుతుంటారు.

కబడ్డీ, ఫుట్‌బాల్‌కి నా ఓటు కంటిన్యుయస్‌కే. లాంగ్‌జంప్ ఇసుక గుంటకి కట్టేసినదే మేలు. కరణం మల్లీశ్వరి బరువులెత్తడం నేర్చుకున్న జిల్లా కదా, వెయిట్‌లిఫ్టింగ్ పోటీ తగిలినా అదే వాడండి. మనిషి నిలబడే చోటు పెద్దగా మారదు.