జేబులో పట్టే ఈసీజీ పరికరం: ఎక్టోపిక్స్ ఉన్న మనిషిగా కొన్నేళ్లు వాడిన తరువాత

ప్రమాదం లేనివని వైద్యులు తేల్చిన లయ తప్పే గుండె స్పందనలు, అంటే ఎక్టోపిక్స్, నాకు కొన్నేళ్లుగా ఉన్నాయి. ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్, రక్తంలో పొటాషియం, ఒంటికి తగిలించుకున్న చిన్న పరికరంతో 24 గంటలూ ఈసీజీ నమోదు చేసే హోల్టర్ పరీక్ష అన్నీ అయ్యి, గుండె నిర్మాణంలో లోపమేమీ లేదని కర్నూలులో మేము చూపించుకునే గుండె వైద్యుడు చెప్పిన మీదటే, ఆయన సలహాతోనే, చేతి వేళ్లతో పట్టుకుని తీసుకునే చిన్న ఈసీజీ పరికరాన్ని కొన్నాను. దాని తయారీదారు పేరు రాయడం లేదు. ఈ రకం పరికరాలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి నేను చెప్పబోయే మంచిచెడ్డలు చాలావరకు అన్నింటికీ వర్తిస్తాయి. ఖరీదు మాత్రం తక్కువేమీ కాదు, ఇంట్లో వాడే బీపీ మిషన్లు నాలుగైదు ఆ డబ్బుకు వస్తాయి.

వేలెడు పొడవున్న పట్టీ మీద రెండు లోహపు పలకలు ఉంటాయి. ఒక్కో పలక మీద ఒక్కో చేతి వేళ్లు ఆనించి 30 సెకన్లు కదలకుండా కూర్చుంటే ఫోన్‌లో గ్రాఫ్ పడుతుంది. ఆసుపత్రిలో తీసే పన్నెండు లీడ్లలో, అంటే గుండె విద్యుత్తును పన్నెండు దిక్కుల నుంచి చూసే గీతల్లో, మొదటిదైన రెండు చేతుల మధ్య లీడ్ ఒక్కటే ఇందులో వస్తుంది. ఈసీజీకి రూపమిచ్చి 1924లో నోబెల్ బహుమతి పొందిన ఐంథోవెన్ కాలంలో రోగి రెండు చేతులనూ ఎడమ కాలినీ ఉప్పునీళ్ల తొట్లలో ముంచి కూర్చునేవాడట. ఆ ఉప్పునీళ్ల అవసరం ఏమిటో కర్నూలు ఎండాకాలంలో నాకు బాగా తెలిసింది. మార్చి దాటితే ఇక్కడి గాలికి వేళ్లు ఎంత పొడిబారుతాయంటే, పలక మీద పెట్టినా గ్రాఫ్ పిచ్చిగీతలుగా వస్తుంది. వేళ్ల కొసలకు కాస్త నీళ్లు అద్దుకుని, మోచేతులు బల్ల మీద ఆనించి, ఫోన్‌ను చార్జర్ నుంచి తీసేసి మొదలుపెడితే గీత శుభ్రంగా పడుతుంది. ఇవి దానితో వచ్చిన కాగితంలోనూ ఉన్నాయి గాని, అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు?

ఈ పరికరం తన విలువను నిరూపించుకున్నది ఆక్సీమీటర్ విషయంలో. కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చిన ఆ పరికరం మా ఇంట్లోనూ ఉంది. ఒక సాయంత్రం దడగా ఉండి వేలికి తగిలించుకుంటే నాడి 39 అని చూపింది. ఆ అంకె చూడగానే మా అత్తమ్మ "ఆటో పిలవండి, ఆసుపత్రికి పోదాం" అని లేచారు. అదే నిమిషంలో ఈసీజీ తీస్తే గుండె నిమిషానికి 78 సార్లు కొట్టుకుంటోంది. ఇంత తేడా ఎందుకు వచ్చిందో వైద్యుడు వివరించేదాకా మాకెవరికీ అర్థం కాలేదు. ఎక్టోపిక్ అన్నది రావలసిన సమయానికి ముందే వచ్చే స్పందన. అప్పటికి జఠరిక, అంటే రక్తాన్ని బయటికి నెట్టే గుండె కింది గది, సరిగా నిండి ఉండదు కాబట్టి, గుండె ముడుచుకున్నా వేలి కొస వరకు తెలిసేంత రక్తపు తాకిడి వెళ్లదు. ఒకటి మామూలుది, ఒకటి ముందుగా వచ్చినది, ఇలా ఒకటి విడిచి ఒకటి వస్తూ ఉంటే దాన్ని బైజెమినీ అంటారు. అప్పుడు ఆక్సీమీటర్‌కు సగమే లెక్కకు వస్తాయి. మణికట్టు గడియారాలు ఆకుపచ్చ కాంతితో కొలిచే నాడికీ ఇదే ఇబ్బంది ఉంది. బీపీ మిషన్‌లో లయ తప్పిన గుర్తు మెరిసినప్పుడు ఒక్క రీడింగ్‌తో తీర్పు చెప్పుకోకూడదనీ, కొంచెం ఆగి మళ్లీ మళ్లీ తీసి సగటు చూసుకోవాలనీ అప్పుడే చెప్పారు. అలా ఆక్సీమీటర్ అంకెకు భయపడడం మా ఇంట్లో ఆగిపోయింది.

గ్రాఫ్ చదవడం కష్టమని నేను మొదట అనుకున్నాను గాని, నాకున్న జఠరికల ఎక్టోపిక్‌ను గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సన్నని మొనలు సమానమైన ఎడంతో వరుసగా వస్తూ ఉంటాయి. ఒక్కో మొనకు ముందు చిన్న గుబ్బ ఒకటి ఉంటుంది, అది గుండె పై గదులైన కర్ణికలు ముడుచుకున్న గుర్తు. మధ్యలో ఒకచోట ఆ గుబ్బ లేకుండా, రావలసిన సమయానికి ముందే, వెడల్పుగా, వికారంగా ఒక గీత లేస్తుంది. సన్నని మొన వెడల్పు గ్రాఫ్ కాగితం మీద మూడు చిన్న గళ్లు, అంటే 0.12 సెకను దాటదు, ఇది మాత్రం దాటుతుంది. దాని వెనక గీత కొంతసేపు చదునుగా సాగి, మళ్లీ మామూలు మొన వస్తుంది. గొంతులో ఏదో ఆగినట్టు అనిపించేది ఆ చదును భాగంలో, ఛాతీలో ధబ్ మని గుద్దినట్టు అనిపించేది దాని తరువాత వచ్చే మామూలు స్పందనకు. ఆ విరామంలో జఠరిక ఎక్కువగా నిండడం వల్ల ఆ స్పందన బలంగా ఉంటుంది. అంటే నన్ను అన్నాళ్లూ భయపెట్టిన ఆ గుద్దు గుండె తన దారికి వచ్చాక కొట్టే ఆరోగ్యకరమైన స్పందనే. ఈ సంగతి మాటల్లో ఎన్నిసార్లు విన్నా కలగని నిశ్చింత, గుద్దు తెలిసిన క్షణానికీ గ్రాఫ్‌లోని మొనకూ సరిపోవడం కళ్లారా చూసినప్పుడు కలిగింది. ఈ ఒక్క పనికే పెట్టిన డబ్బు గిట్టిందని నా లెక్క.

గ్రాఫ్ కింద అప్లికేషన్ తనంతట తాను రాసే తీర్పు మాత్రం అంత నమ్మదగినది కాదు. ఎక్టోపిక్స్ తక్కువగా ఉన్న రోజు మామూలు లయ అంటుంది, ఎక్కువగా ఉన్న రోజు వర్గీకరించలేమంటుంది, ఒక్కోసారి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చని కూడా అంటుంది. ఈ చివరిది చిన్న మాట కాదు, మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం రావడానికి అవకాశం పెంచే లయ దోషం అది. అందులో కర్ణికల గుబ్బ అసలే కనబడదు, మొనల మధ్య ఎడానికి ఒక పద్ధతంటూ ఉండదు. నా గ్రాఫ్‌లలో గుబ్బలు స్పష్టంగా ఉన్నాయని వైద్యుడు చూపించి కొట్టివేశారు. అలాగని అటువంటి తీర్పు వచ్చినప్పుడు ఇంట్లో మనమే కొట్టివేయడానికి లేదు, ఆ గ్రాఫ్‌ను చూసే హక్కు వైద్యుడిదే. ఎక్టోపిక్స్‌ను పేరు పెట్టి గుర్తించే సౌకర్యం ఉంది గాని, దాన్ని ఏటేటా చందా కట్టేవారికే ఇస్తున్నారు. పరికరం కొన్నాక దానిలోని తెలివిని మళ్లీ అద్దెకు తీసుకోవలసి రావడం నాకు నచ్చలేదు, కట్టలేదు కూడా.

రికార్డు పక్కన నాలుగు మాటలు రాసుకునే చోటు ఉంటుంది, అది నాకు బాగా ఉపయోగపడింది. రాత్రి ఆలస్యంగా, కడుపు నిండా తిని ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఎక్టోపిక్స్ తప్పకుండా తెలుస్తాయి. ఇక్కడ ఎవరిని అడిగినా "గ్యాస్ అయ్యుంటుంది లేమ్మా, సోడా తాగు" అంటారు. పొట్ట ఉబ్బరంగా ఉన్నప్పుడు ఎక్కువగా తెలుస్తాయన్నంత వరకు ఆ మాటలో నిజం లేకపోలేదు, కానీ ఆ మాట నమ్మి అసలు పరీక్షలే చేయించుకోకపోవడం వేరు. పదో తరగతి పరీక్షల డ్యూటీ రోజుల్లో, నిద్ర తగ్గి, ఎండలో నీళ్లు చాలక, ఎక్టోపిక్స్ బాగా పెరిగేవి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, వేళకు నిద్ర ఈ రెండూ సరిచూసుకుంటే రెండు మూడు రోజుల్లో తగ్గేవి. దగ్గు, ఆయాసానికని ఒకసారి డెరిఫిల్లిన్ వాడినప్పుడు కూడా బాగా పెరిగాయి. ఆ మందులోని థియోఫిల్లిన్‌కు గుండె వేగాన్ని పెంచే గుణం ఉందని, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రల్లోనూ అటువంటివి ఉంటాయని చెప్పి, ఇకమీదట ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా ఎక్టోపిక్స్ ఉన్నాయని ముందే చెప్పమన్నారు మా గుండె వైద్యుడు. కాఫీ విషయంలో నా రికార్డులు ఎటూ తేల్చలేదు. 2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన, అమెరికాలో 100 మందిపై జరిపిన అధ్యయనంలో, కాఫీ తాగిన రోజుల్లో కర్ణికల ఎక్టోపిక్స్ చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, జఠరికలవి కొంత పెరిగాయి, నిద్ర అరగంటకు పైగా తగ్గింది. నేను ఉదయం కాఫీ ఉంచుకుని సాయంత్రం కాఫీ మానేశాను.

ఇన్ని రికార్డులు చూపించినా మందు ఎందుకు రాయరని నేను వైద్యుణ్ని అడిగాను. నిమిషానికి 70 చొప్పున లెక్కవేసినా గుండె రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది, అందులో కొన్ని వందలు ముందుగా వచ్చినంత మాత్రాన గుండెకు బరువు కాదని ఆయన సమాధానం. మొత్తంలో పదో వంతు దాటి, ఏళ్ల తరబడి అలాగే ఉంటే కొందరిలో గుండె కండరం బలహీనపడవచ్చు కాబట్టి, అప్పుడు మందులో, రక్తనాళం గుండా తీగ పంపి ఎక్టోపిక్స్ పుట్టే చోటును మాడ్చే అబ్లేషన్ చికిత్సో ఆలోచిస్తారట. 30 సెకన్ల గ్రాఫ్ ఆ వంతును చెప్పలేదు, దానికి హోల్టరే కావాలి. ఇలాంటి పరికరం కొనుక్కుని హోల్టర్ మానుకుందామనుకునే వారు ఇది గమనించాలి. బలమైన మందుల మీద వైద్యుల జాగ్రత్తకు మరో కారణం కూడా ఉంది. గుండెపోటు వచ్చి బతికినవారిలో ఎక్టోపిక్స్‌ను అణచివేస్తే మేలు జరుగుతుందన్న నమ్మకంతో కాస్ట్ అనే పెద్ద అధ్యయనం చేస్తే, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వాడినవారిలో ఎక్టోపిక్స్ తగ్గి, మరణాలు పెరిగాయి. 1989లో ఆ మందులను మధ్యలోనే ఆపేశారు. నాకు కొన్నాళ్లు గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ తక్కువ మోతాదులో ఇచ్చారు. గుద్దు తీవ్రత తగ్గింది, మెట్లెక్కితే కాళ్లు బరువెక్కేవి. తరువాత ఆయనే మోతాదు మెల్లగా తగ్గించి ఆపించారు, ఒక్కసారిగా మానేయకూడని మందు అది.

ఇక ఈ పరికరంలోని పెద్ద చెడు, అది ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉండడమే. ఎక్టోపిక్ కోసం చూస్తూ కూర్చున్న మనిషికి ఆందోళన, ఆందోళనతో అడ్రినలిన్, దానితో మరిన్ని ఎక్టోపిక్స్, వాటికోసం మళ్లీ గ్రాఫ్. గోకేకొద్దీ పెరిగే దురద లాంటిది. తెలిసిన రకం గుద్దుకు గ్రాఫ్ తీయవద్దని, కొత్తగా అనిపించినప్పుడు, లేదా ఆగకుండా చాలాసేపు దడగా ఉన్నప్పుడు మాత్రమే తీయమని వైద్యుడు హద్దు పెట్టారు. అప్పటి నుంచి అది నా హ్యాండ్‌బ్యాగులో నుంచి బీరువాలోకి మారింది. అందుకే మొదటి ఏడాది ఇది నాకు ఎంత అవసరమో, ఇప్పుడు అంత అనవసరం. తుంగభద్ర ఒడ్డున పొద్దున్నే నడిచేటప్పుడు వేగం పెరిగేకొద్దీ ఎక్టోపిక్స్ సద్దుమణిగి, కూర్చుని అలుపు తీర్చుకునేటప్పుడు మళ్లీ రెండు మూడు తెలుస్తాయి, ఇది మామూలేనట. దానికి విరుద్ధంగా, శ్రమ పడేకొద్దీ పెరిగేవి వైద్యుడు చూడవలసినవి.

ఇది గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి, స్పృహ తప్పడం, ఆయాసం, ఎడతెగని వేగమైన దడ ఉన్నప్పుడు గ్రాఫ్ మామూలుగా వచ్చిందని ఇంట్లో కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి. కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉంటే, ఎక్టోపిక్స్ ప్రమాదం లేనివో కావో పూర్తి పరీక్షల తరువాతే తేలుతుంది. పరీక్షలేవీ కాకుండా దీన్ని కొనడం దండగ. పరీక్షలన్నీ అయ్యి, ధైర్యం చాలనివారికి, వచ్చిన దడ ఆసుపత్రికి చేరేలోపే తగ్గిపోతూ ఉండేవారికి మాత్రం ఇది మంచి సాక్షి.

కొనేవారు దుకాణంలోనే కొన్ని చూసుకోవాలి. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి సెట్టింగుల్లో ఆ కరెంటు అలజడిని తీసేసే 50 హెర్ట్జ్ వడపోత ఎంచుకునే వీలు ఉండాలి, లేకపోతే గ్రాఫ్ నిండా సన్నని వణుకు కనబడుతుంది. లోపల వాడే నాణెం బ్యాటరీ గడియారాల దుకాణాల్లో దొరికే రకమై ఉండాలి. నాది అలాంటిదే, ఇప్పటికీ ఇబ్బంది లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, తీసిన గ్రాఫ్‌ను చందా కట్టకుండానే పీడీఎఫ్‌గా వైద్యుడి వాట్సాప్‌కు పంపగలగాలి. ఆ వీలు లేకపోతే మిగతా హంగులు ఎన్ని ఉన్నా కొనవద్దనే చెబుతాను.