సమాధులు తరలించే సర్వీస్ మీద నా రివ్యూ: తవ్వడం బాగా వచ్చు, మనుషుల్ని వెతకడమే రాదు

రేటింగ్ ముందే చెప్పేస్తా. సమాధి తెరిచి ఉన్నది ఉన్నట్టు జాగ్రత్తగా తీసి ఇంకోచోట మళ్ళీ పడుకోబెట్టే పనికి 5కి 5. ఆ సమాధి ఎవరిదో, వాళ్ళ మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారో వెతికే పనికి 5కి 2, అది కూడా చివర్లో కొంత సరిదిద్దుకున్నారు కాబట్టి. మొత్తం కలిపి 3. కంపెనీ పేరు రాయను. ఇలాంటి సర్వీస్ ఎవరి దగ్గర తీసుకున్నా ఏం అడగాలో, ఎక్కడ పట్టుబట్టాలో తెలియాలని రాస్తున్నా.

నేను సౌతాఫ్రికాలో ఎంపుమలంగా ప్రావిన్స్‌లో, విట్‌బ్యాంక్ వైపు ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు మైన్‌లో కాంట్రాక్టర్ తరఫున సర్వేయర్ని. విట్‌బ్యాంక్‌ని 2006 నుంచి ఎమలాహ్లేని అంటున్నారు, బొగ్గు ఉన్న చోటు అని అర్థం. ఇక్కడ బొగ్గు పొర పెద్ద లోతులో ఉండదు, అందుకే పై మట్టి అంతా ఎత్తేసి తవ్వుతారు, అంటే పైన ఏముంటే అది పోవాల్సిందే, పొలమైనా చెట్టైనా సమాధైనా. మా కొత్త కట్ లైన్, అంటే తవ్వకం సాగాల్సిన గీత, ఒక పాత మొక్కజొన్న ఫామ్ మీదుగా పోతుంది, ఆ ఫామ్‌లో ఒక మూల సమాధులున్నాయి. వాటిని తరలించే కంపెనీకి సైట్‌లో మా తరఫు మనిషిగా నన్ను పెట్టారు. 11 నెలలు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉన్నా. బిల్లు కట్టింది మైన్, కానీ ఈ సర్వీస్‌కి అసలు కస్టమర్లు ఆ కుటుంబాలు, అందుకే వాళ్ళ వైపు నిలబడి మార్కులు వేస్తున్నా.

ఫామ్‌లో సమాధులేంటి అని అడుగుతారేమో, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 1913 ల్యాండ్ యాక్ట్ నల్లజాతి వాళ్ళకి దేశం మొత్తంలో సుమారు 7 శాతం భూమే వదిలింది, 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు, మిగతా చోట వాళ్ళు భూమి కొనడానికే లేదు. దాంతో తరతరాలు తెల్లవాళ్ళ ఫామ్‌ల మీద పనికి ఉండి, ఏడాదిలో కొన్ని నెలలు ఊరికే చాకిరీ చేసి, దానికి బదులు గుడిసె వేసుకుని నాలుగు పశువులు మేపుకునేవాళ్ళు. చచ్చిపోతే అక్కడే పూడ్చేవాళ్ళు, వేరే చోటు ఎక్కడుంది. తర్వాత వాళ్ళని ఆ ఫామ్‌ల నుంచి కూడా పంపించేశారు, కొందరు టౌన్‌షిప్‌లకి, అంటే ఊళ్ళ పక్కన నల్లజాతి వాళ్ళకి విడిగా కట్టిన కాలనీలకి పోయారు, ఎండెబెలే అనే జాతి వాళ్ళలో చాలామంది క్వాఎండెబెలే అని ప్రభుత్వం వాళ్ళకి విడిగా గీసిన ప్రాంతానికి (హోమ్‌ల్యాండ్) పోయారు, సియాబుస్వా, క్వామ్హ్లాంగా ఆ వైపు. బతికున్నవాళ్ళు లారీ ఎక్కి వెళ్ళిపోయారు, పోయినవాళ్ళు ఫామ్‌లోనే ఉండిపోయారు. అంటే ఈ సమాధుల తాలూకు మనుషులు సమాధుల పక్కన ఉండరు. వెతకడమే సగం పని, నాకైతే సగం కంటే ఎక్కువే అనిపించింది.

చట్టం కూడా అదే చెప్తుంది. 1999 నాటి నేషనల్ హెరిటేజ్ రిసోర్సెస్ యాక్ట్‌లో సెక్షన్ 36 ఉంది. మున్సిపాలిటీ నడిపే శ్మశానం బయట 60 ఏళ్ళు దాటిన సమాధి ఏదైనా సరే సాహ్రా అనే హెరిటేజ్ సంస్థ పర్మిట్ లేకుండా కదపకూడదు. తేదీ తెలియని సమాధిని కూడా 60 దాటినట్టే చూస్తారు. ఆ పర్మిట్ రావాలంటే సంబంధం ఉన్న కుటుంబాల్ని, చుట్టుపక్కల వాళ్ళని కలవడానికి గట్టిగా ప్రయత్నం చేశాం, వాళ్ళతో ఒప్పందానికి వచ్చాం అని చూపించాలి, సైట్‌లో నోటీస్ బోర్డ్ 60 రోజులు ఉండాలి. 60 లోపు సమాధులకి వేరే పర్మిషన్లు, హెల్త్ వాళ్ళవి, మున్సిపాలిటీవి. ఇవన్నీ మా కంపెనీ వాళ్ళకి కంఠతా వచ్చు. ఫైల్ చూస్తే ఒక్క కాగితం తక్కువ ఉండదు.

కానీ ఆ నోటీస్ బోర్డ్ ఎక్కడ పెట్టారో చూడండి. ఫామ్ పాత గేటు దగ్గర. ఆ గేటు ఇప్పుడు మా సెక్యూరిటీ బూమ్‌కి, అంటే దారికి అడ్డంగా ఉండే గేటు కర్రకి, లోపల ఉంది, పర్మిషన్ లేకుండా బయటి మనిషి అటు రాలేడు! 60 రోజులు ఆ బోర్డ్‌ని చదివింది మా టిప్పర్ డ్రైవర్లు, నేను. పేపర్‌లో ప్రకటన ఇచ్చారు, ఇంగ్లీష్‌లో ఇచ్చారు, డెబ్బై ఎనభై ఏళ్ళ మనిషి క్వామ్హ్లాంగాలో కూర్చుని విట్‌బ్యాంక్ ఇంగ్లీష్ పేపర్ కొని చదువుతుందా? రూల్ ప్రకారం అయిపోయింది అన్నారు. రిపోర్ట్‌లో 23 సమాధులు, 9కి పేర్లు, మిగతా 14 తెలియనివి అని రాసేశారు. ఆ 14 పక్కన "తెలియదు" అని చూసినప్పుడు నాకు కడుపులో తిప్పింది, ఎందుకంటే ఎవరికి తెలియదు, మనకి తెలియదు, అంతే కదా.

అప్పుడే ఒక గోగో వచ్చింది. ఇక్కడ ముసలామెని గోగో అంటారు, అమ్మమ్మ నానమ్మ అన్నట్టు, అందరూ అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచా. మా దగ్గర పనిచేసే ఒక కుర్రాడు ఇంట్లో మాటల్లో చెప్తే వాళ్ళ నానమ్మకి తెలిసి, ఆ కుర్రాడే లీవ్ పెట్టి మరీ ఆమెని తీసుకొచ్చాడు. బూమ్ దగ్గర ఆమెకి ఇండక్షన్, అంటే మైన్‌లోకి వచ్చేవాళ్ళకి చెప్పే సేఫ్టీ క్లాస్, అవ్వలేదని ఆపేశారు, హెల్మెట్, వెస్ట్ ఇచ్చి లోపలికి తీసుకురావడానికి గంట పట్టింది, ఆ గంటా ఆమె ఎండలో నిలబడే ఉంది. వచ్చాక మన సర్వే పెగ్గులు, జెండాలు ఏవీ చూడలేదు. నేరుగా రాళ్ళు పేర్చిన సమాధుల వరస దాటి, పాత మట్టి గోడ ఒకటి కూలి మొండిగా మిగిలింది, దాని వెనక్కి వెళ్ళి గడ్డిలో ఆగింది. ఇక్కడ పిల్లలున్నారు అంది. ఐదుగురు. అందులో ఇద్దరు ఆమె తోడబుట్టినవాళ్ళు, పుట్టిన కొద్ది రోజులకే పోయారంట. రాళ్ళు లేవు, ఏ గుర్తూ లేదు, ధాన్యం నూరే రాయి విరిగిన ముక్క ఒకటి బోర్లించి ఉంది, అంతకుముందు నేను దాని మీద కాలు పెట్టి ట్రైపాడ్ నిలబెట్టుకున్నా. ఆ మాట ఆమెకి చెప్పి క్షమించమని అడిగా. నీకెవరు చెప్పారు గనక బాబూ అంది, అంతే.

కంపెనీ ఆర్కియాలజిస్ట్ అక్కడే ఉంది, ఆమెకి మాత్రం నేను పూర్తి మార్కులు వేస్తా, ఒక్క మాట వాదించలేదు. ఆ రోజే పని ఆపించి, గడ్డి కోయించి, పై మట్టి మాత్రం పల్చగా చెక్కి చూస్తే తవ్వి పూడ్చిన చోట మట్టి రంగు తేడా కనిపించింది, ఐదు చోట్లా. 23 కాస్తా 28 అయింది, పర్మిట్ మళ్ళీ మార్పించుకోవాల్సి వచ్చింది, మా ప్రొడక్షన్ షెడ్యూల్ వెనక్కి పోయింది, పైనుంచి నాకు ఫోన్లు వచ్చాయి. వస్తే వచ్చాయి. ఆమె ఆ వారం రాకపోయుంటే ఆ పసిపిల్లలు డ్రాగ్‌లైన్ అనే పెద్ద తవ్వే మిషన్ బకెట్‌లో మట్టితో పాటు డంప్‌కి పోయేవాళ్ళు, నేనే ఆ లైన్ గీసిన మనిషిని అయ్యేవాణ్ణి.

ఆ తర్వాత వెతకడం మళ్ళీ మొదలుపెట్టించాం, ఈసారి గోగో చెప్పిన దారిలో. ఇక్వెక్వెజీ ఎఫ్ఎం అని ఎండెబెలే భాషలో ఎస్ఏబీసీ (ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ) రేడియో ఉంది, ముసలివాళ్ళు పొద్దున్నే అదే వింటారంట, అందులో ఫామ్ పాత పేరు, అక్కడ ఒకప్పుడు ఉన్న ఇంటిపేర్లు చెప్పి ప్రకటన ఇప్పించారు. ఆదివారం చర్చిల్లో చదివించారు. బరియల్ సొసైటీలని ఉంటాయి, నెలనెలా చందా కట్టుకుని ఇంట్లో ఎవరైనా పోతే ఖర్చు పెట్టుకునే సంఘాలు, వాటిలో పెద్దవాళ్ళకి ఎవరు ఎక్కడ పుట్టారు, ఏ ఫామ్ నుంచి వచ్చారు, ఎవరిని ఎక్కడ పూడ్చారు అన్నీ తెలుసు. రెండు వారాల్లో నాలుగు కుటుంబాలు దొరికాయి. 14 తెలియనివాళ్ళలో 10 మందికి పేర్లొచ్చాయి. పెద్ద ఖర్చేం కాదు ఇది, మొదటి నెలలోనే చేయొచ్చు. ఇలాంటి కంపెనీతో కాంట్రాక్ట్ రాసుకునేవాళ్ళు రేడియో, చర్చి, బరియల్ సొసైటీ అని పేరు పెట్టి మరీ రాయించుకోండి, పేపర్ ప్రకటన, గేటు బోర్డ్ అంటే ఒప్పుకోకండి. బోర్డ్ పెడితే జనం నడిచే రోడ్డు మీద పెట్టాలి.

తవ్వే పని గురించి చెప్తా, ఇది బాగుంది కాబట్టి బాగుందనే రాయాలి. తెల్లవారుజామున మొదలుపెట్టేవాళ్ళు, చుట్టూ నెట్ కట్టి ఎవరికీ కనబడకుండా. మున్సిపాలిటీ హెల్త్ ఆఫీసర్, అంత్యక్రియల పని చూసే అండర్‌టేకర్, ఆర్కియాలజిస్ట్, కుటుంబం మనుషులు, అంతే లోపల. ముందు కుటుంబంలో పెద్ద మాట్లాడతాడు, పోయినవాళ్ళతోనే మాట్లాడతాడు, ఎందుకు లేపుతున్నామో, ఎక్కడికి తీసుకెళ్తున్నామో చెప్తాడు, అది అయ్యేదాకా ఒక్కళ్ళు కూడా పార ముట్టుకోలేదు. మిషన్ అస్సలు వాడలేదు. పైన పారతో, కిందకి వెళ్ళేకొద్దీ చిన్న తాపీ, బ్రష్. కొన్నిట్లో ఎముకలు బాగానే ఉన్నాయి, కొన్నిట్లో పెట్టె మేకులు, దుప్పటి పీలికలు, చొక్కా గుండీలు, ఒక ఎనామెల్ మగ్గు. పిల్లల సమాధుల్లో రెండింట్లో నల్లబడ్డ మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. మట్టేగా అని వదిలెయ్యలేదు, ఆ నల్లమట్టిని చేతులతో ఎత్తి చిన్న పెట్టెలో సర్ది, పెద్దవాళ్ళకి చేసినట్టే మూత వేసి పేరు రాశారు. గోగో నెట్ పక్కన చాప మీద కూర్చుని చూస్తూనే ఉంది.

ఇంకోటి, దీనికి నేను విడిగా మార్కులు వేస్తా. ఇక్కడ ఉమ్‌లాహ్లాంకోసి అని ముళ్ళ చెట్టు ఉంటుంది, దాని కొమ్మ పట్టుకుని పోయిన మనిషి ఆత్మని పాత చోటు నుంచి కొత్త చోటుకి తీసుకెళ్తారు. కొమ్మ పట్టుకున్న మనిషి దారిలో వేరేవాళ్ళతో మాట్లాడకూడదు, ఆత్మతోనే మాట్లాడాలి, ఇప్పుడు వాగు దాటుతున్నాం, ఇప్పుడు రోడ్డెక్కాం అని చెప్పుకుంటూ పోవాలి. టాక్సీలో అయితే ఆ ఆత్మకి కూడా సీటు డబ్బులు కడతారు. కంపెనీ డ్రైవర్‌కి ఇది తెలుసు. మినీబస్‌లో కొమ్మ పక్కన సీటు ఖాళీగా ఉంచాడు, మా వాళ్ళలో ఒకతను తెలియక కూర్చోబోతే చెయ్యి అడ్డుపెట్టాడు, వాగు మీద బ్రిడ్జి దగ్గర ఎవరూ అడక్కుండానే స్లో చేశాడు. ఆ డ్రైవర్ లాంటి మనిషి ఆ నోటీసుల పని చూసుంటే నేను ఈ రివ్యూ వేరేలా రాసేవాణ్ణి.

వేక్ ఫీ దగ్గర మళ్ళీ గొడవ. కుటుంబం కర్మ చేసుకోవడానికి, మేకనో ఆవునో కోసి, జొన్న బీర్ కాచి చుట్టాల్ని పిలవడానికి ఇచ్చే డబ్బుని ఇక్కడ వేక్ ఫీ అంటారు. సమాధికి 2,000 రాండ్లు అని కంపెనీ వాళ్ళు కాగితం ముందే ప్రింట్ చేసి తెచ్చారు, సంతకం పెట్టమన్నారు. ఎవరినీ అడగలేదు. ఒక కుటుంబానికి ఒకటే సమాధి, కానీ అది వాళ్ళ వంశంలో పెద్ద మనిషిది, ఆవు లేకుండా ఆయన్ని లేపరు, ఆ డబ్బుకి ఆవు ఎక్కడ వస్తుంది? మూడు వారాలు లాగి చివరికి మైన్ వాళ్ళే విడిగా ఆవు కొనిచ్చారు. ముందే కూర్చుని మీ పద్ధతి ఏంటి, మీకేం కావాలి అని అడిగుంటే ఒక మధ్యాహ్నంలో తేలిపోయేది. పోయినవాళ్ళ పేరు మీద బేరం ఆడించారని ఆ కుటుంబంలో పెద్దకొడుకు నాతో అన్నాడు, అతని ముఖం చూడలేకపోయా.

కొత్త చోటు మున్సిపాలిటీ శ్మశానం. బాగానే ఉంది, ఫెన్సింగ్ ఉంది, నీళ్ళున్నాయి. కాకపోతే ఫామ్‌లో ఉన్నప్పుడు 1997 నాటి టెన్యూర్ చట్టం (వేరేవాళ్ళ భూమి మీద ఉండేవాళ్ళ హక్కుల చట్టం) కింద కుటుంబాలకి సమాధుల దగ్గరికి వెళ్ళి చూసుకునే హక్కు ఉండేది, ఇక్కడ వాళ్ళ తాతలు కట్టిన గోడ లేదు, పశువుల దొడ్డి ఉన్న చోటు లేదు. అసలు తరలించకుండా చుట్టూ చోటు వదిలి కంచె వేసి మైన్ ప్లాన్ మార్చుకోవచ్చు, ఇక్కడి హెరిటేజ్ వాళ్ళు ముందు అదే అడుగుతారు, తరలింపు చివరి దారి అంటారు. మా దగ్గర సమాధులు కట్‌కి సరిగ్గా మధ్యలో ఉన్నాయని మొదటి మీటింగ్‌లోనే ఆ మాట పక్కన పెట్టేశారు. సర్వేయర్‌గా చెప్తున్నా, ఇంకో లేఅవుట్ వేసి చూడాల్సింది, కొంత బొగ్గు పోయేది, నేనూ ఆ రోజు గట్టిగా అడగలేదు.

పూడ్చేటప్పుడు తమ నంబర్ల వరసలో పూడ్చబోయారు, 1, 2, 3 అని. ఫామ్‌లో భార్యాభర్తలు పక్కపక్కన ఉన్నారు, నంబర్లు వేసినప్పుడు ఒకరు 7, ఒకరు 16 అయ్యారు. గోగో మనవడు లిస్ట్ చూసి పట్టుకున్నాడు కాబట్టి ఆ పొద్దున్నే మార్చారు. పిల్లలు ఐదుగురినీ వాళ్ళమ్మల పక్కన పెట్టారు.

మిగిలింది ఒక్కటి. గోగో చెల్లెలికి బతికినన్ని రోజులూ ఇంట్లో పిలుచుకున్న పేరు ఒకటుంది, కాగితాల్లో ఎక్కడా లేదు, రాయి మీద దాన్ని తప్పుగా చెక్కారు, ఒక అక్షరం తేడా. మార్చి ఇస్తామని ఒప్పుకున్నారు, రెండు నెలలైంది, వచ్చే శుక్రవారం కొత్త రాయి వస్తుందంటున్నారు. ఆ రోజు నేను సెలవు పెట్టా, రాయి నిలబెట్టాక ఫోటో తీసి ఆమె మనవడికి పంపాలి. రాయి సరిగ్గా వస్తే ఆ 2ని 3 చేస్తా, ఇక్కడే ఎడిట్ చేసి పెడతా.